ఎక్కడ అడిగినా చౌడే

భూగోళం చెప్పే పంతులు తన తాలూకా దాటింది రెండే సార్లంటే మీరు నవ్వుతారు. ఒకసారి పెళ్ళికి, అది నాదే. ఇంకోసారి హైదరాబాద్‌కు, పరీక్ష రాయడానికి. అయినా నాలుగేళ్ళుగా పిల్లల ముందు నిలబడి కొండలూ నదులూ ఏ జంకూ లేకుండా చెబుతూ వచ్చాను. మొన్న దసరా సెలవుల్లో యాదగిరిగుట్ట నుంచి ఆత్మకూరు దాకా ఆరు రోజులు తిరిగివచ్చాక, ఇన్నాళ్ళూ చెప్పింది తలచుకుంటే సిగ్గూ వస్తున్నది, నవ్వూ వస్తున్నది. నవ్వే ఎక్కువ కాబట్టి రాస్తున్నాను.

మా బడి గుట్టకు మూడు కోసుల దూరంలో ఉంది. నిరుడే దానికి ఐదో తరగతి వచ్చింది. ఊరంతా సంబరపడ్డది గానీ నాకు మాత్రం గుండెలో రాయి పడ్డది. ఎందుకంటే నేను చదువుకున్నదంతా ఉర్దూలో. భూగోళం నాకు జుగ్రాఫియా. నది దర్యా, ద్వీపం జజీరా, వాతావరణం ఆబోహవా. ఇంట్లో మాట్లాడింది తెలుగు, బడిలో నేర్చింది ఉర్దూ, ఈ రెండూ నా తలలో ఎన్నడూ ఒకదాన్నొకటి పలకరించుకోలేదు. కొత్త రాష్ట్రం వచ్చి రెండేళ్ళయింది, కొత్త తెలుగు పుస్తకం వచ్చింది. అందులో ఉపనది, పీఠభూమి, నైసర్గిక స్వరూపం అని ఉన్నాయి. చివరి పేజీలో నలభై మాటల పట్టిక. వాటిని మన జిల్లాలో కనిపించే వాటితోనే చెప్పాలని కింద పంతుళ్ళకొక ఆజ్ఞ.

పీఠభూమి అంటే పీట లాంటి భూమి అని నేను చెప్పాను. మా తరగతిలో నర్సమ్మ అనే పిల్ల ఉంది, చాకలి ఎల్లయ్య బిడ్డ, ప్రశ్న అడగనిదే దానికి అన్నం అరగదు. లేచి, "దానికి కాళ్ళెన్ని సార్?" అన్నది. నేను ఆ రోజు బడి జర తొందరగా విడిచిపెట్టాను.

ఎండాకాలంలో వచ్చినప్పుడే ఇన్‌స్పెక్టర్ సారు ఖరాఖండిగా చెప్పి పోయాడు. "దసరా సెలవులైనంక వస్త. ఐదో తరగతి తెలుగుల నడుస్తున్నదా లేదా చూస్త. నడవకపోతే ఆ తరగతిని వాగవతలి బడిల కలుపుత." కలిపితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ తరగతిలో పందొమ్మిది మంది, అందులో ఏడుగురు ఆడపిల్లలు. వాగు దాటించి ఆడపిల్లను బడికి పంపే ఇల్లు మా ఊళ్ళో ఒక్కటీ లేదు. తరగతి పోయిన మర్నాటి నుంచి నర్సమ్మ బట్టల మూటలు మోస్తూ ఉంటుంది, మిగతా ఆరుగురు కలుపు తీస్తూ ఉంటారు. నలభై మాటలు రాని పంతులు ఒక్కడు ఏడుగురి చదువు ముంచాడంటారు. అనడం సంగతి అటుంచండి, నేనే నన్ను క్షమించుకోలేను.

అందుకని బయల్దేరాను. జిల్లాలను కళ్ళతో చూసి, నేలలు పొట్లాల్లో కట్టుకొచ్చి, ప్రతి మాట పక్కనా మన జాగా పేరు రాయాలని.

## గుట్ట కింద

దసరా తెల్లారే బస్సెక్కాను. జేబులో ముందురోజు పంచుకున్న జమ్మి ఆకు ఇంకా ఉంది. మా ఇంటామె జొన్న రొట్టెలు, ఎల్లిపాయ కారం కట్టి ఇస్తూ, "పండుగ తెల్లారే మన్ను తేనీకి పోయే మొగుణ్ణి నేనొక్కదాన్నే చూసుంట" అన్నది. నా దగ్గర ఖాకీ సంచి ఒకటి, నోటుబుక్కు ఒకటి, చంకలో చుట్టిన బడి నక్షా, అంటే రాష్ట్రం పటం, ఒకటి. ఈ నక్షా ఎంత పని చేసిందో ముందు ముందు చెబుతాను.

గుట్ట కింద బస్సు ఆగినప్పుడు ఎర్రటి చెల్క మట్టి పిడికెడు తీసి, మొదటి పొట్లం కట్టుకొని, దాని మీద పేరు రాసుకున్నాను. పక్క సీట్లో ఒకామె ఒళ్ళో బిడ్డను పెట్టుకొని నన్నే చూస్తున్నది.

"గుట్ట మన్నా సారూ?"

"గుట్ట కింది మన్నమ్మా" అన్నాను.

"కిందేంది, మీదేంది! స్వామి జాగానే గదా. జర పెట్టుండ్రి సారూ, మూడొద్దుల సంది పోరని పెయి కాల్తాంది."

ఇది బడి పిల్లల కోసమని చెప్పబోయాను. ఆమె అప్పటికే బిడ్డ నుదుటి మీది జుట్టు పైకి తీసి పట్టుకున్నది. ఏం చేస్తాను, చిటికెడు తీసి పెట్టాను. దవాఖానకు కూడా తీసుకుపో తల్లీ అంటే, "గాడికే పోతున్న సారూ, రెండూ ఉండాలె గదా" అన్నది. ఆమె తెలివికి సంతోషించేలోపే వెనక సీటాయన చెయ్యి చాచాడు. ఆ వెనక ముసలమ్మ కొంగు చాచింది. ఒకాయన ఎద్దుకని అడిగాడు. ఆఖరి చిటికెడు కండక్టర్ పట్టుకుపోయి ఇంజన్ మూత మీద బొట్టు పెట్టాడు. ఆ తర్వాత బస్సు దారిలో రెండుసార్లు ఆగింది. పెట్టకపోతే నాలుగుసార్లు ఆగేదని అందరూ ఒక్కమాటగా అన్నారు.

తిరుమలగిరిలో దిగేసరికి నా భూగోళ సామగ్రిలో మిగిలింది ఖాళీ కాగితం ఒకటి.

## తిరుమలగిరి అంగడి

నా అదృష్టం కొద్దీ ఆ రోజు అంగడి. మిరపకాయల రాశులు, మేకలు, గాజులు, గొంగళ్ళు. ఆకలి మీద ఉన్నాను, మిరపకాయ బజ్జీలు తిన్నాను. అణాకు నాలుగన్నాడు అమ్మే ఆయన. నేను కొత్త నయా పైసలు ఆరు ఇస్తే, అవి లెక్కపెట్టి, ఎండలో పట్టి చూసి, "ఇవి పిల్లలాడుకునే బిళ్ళల లెక్కున్నయ్" అంటూ అయిష్టంగా గల్లాలో వేసుకున్నాడు.

అంగడికి చుట్టూ పది ఊళ్ళ రైతులు వచ్చారు. ఇంతకంటే మంచి సమయం దొరకదని, చింతచెట్టు నీడన నక్షా పరిచి, నోటుబుక్కు తీసి, మొదటి ఆయన్ని అడిగాను.

"మీ ఊర్ల ఏం నేల పెద్దయ్యా?"

ఆయన నక్షా వైపు చూశాడు. ఖాకీ సంచి వైపు చూశాడు. గొంతు సవరించుకొని, "చౌడు సారూ" అన్నాడు.

చౌడంటే తెలుసు కదా, తెల్లగా ఉప్పు తేలిన నేల, గడ్డి కూడా సరిగా మొలవదు. పాపం అనుకొని రాసుకున్నాను. రెండో ఆయనదీ చౌడే. మూడో ఆయనది ఒట్టి చౌడు. నాలుగో ఆయనది తాత ముత్తాతల నుంచీ చౌడు. అలా పదకొండు మందిని అడిగాను. పదకొండు మందీ కడుపు నిండా తిని, బండ్ల నిండా ధాన్యం తెచ్చిన మనుషులే. ఒకాయన మరీ ముందుకుపోయి, "మా దిక్కు కాకి గూడ వాలదు సారూ" అన్నాడు. ఆయన బండి మీదే నాలుగు కాకులు జొన్నలు తింటున్నాయి.

నేను బడి పంతుల్నని చెప్పాను. వాళ్ళు ఒకరినొకరు చూసుకొని నవ్వారు. "గట్లనే చెప్పుండ్రి సారూ, మాకెందుకు" అన్నాడొకాయన. వద్దంటున్నా నాకు చాయ్ తెప్పించారు.

ఆ చాయ్ పోసిన హోటలాయనే, జనం పోయాక, నా మీద జాలిపడి అసలు సంగతి చెప్పాడు. "నక్షా సంకల పెట్టుకొని, నీ నేల ఏం నేల అని అడిగితే, భూమి శిస్తు పెంచనీకొచ్చిన అమీన్ అనుకోరా సారూ? మీరు ఇంకో పది మందిని అడిగినా గదే చెప్తరు. నాకు గూడ రెండెకరాలున్నది."

"మరి నీది ఏం నేల?" అన్నాను.

"చౌడు" అన్నాడు.

## దేవరకొండ దాటి

మరునాడు నల్లగొండ మీదుగా దేవరకొండ చేరాను. దారిలో ఎన్ని గుట్టలు! మా దగ్గర గుట్ట అంటే దేవుడుండేది. ఇక్కడ దేవుడు లేనివి కూడా బోలెడు, బండ మీద బండ పేర్చినట్టు, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లేటట్టు నిలబడి ఉన్నాయి. చిన్నపిల్లవాడిలాగా కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూ, తల లోపలికి తీసుకున్నాక చూస్తే నా టోపీ లేదు.

బుద్ధి తెచ్చుకొని నక్షాను ధోవతిలో చుట్టి దాచాను. దేవరకొండ నుంచి కృష్ణ వైపు పోయే ఎడ్లబండి దొరికితే ఎక్కి, పొద్దు వాలే వేళకు ఒక ఊరు చేరాను. రచ్చకట్ట దగ్గర కూర్చున్న వాళ్ళను, నక్షా తీయకుండా, చాలా మామూలుగా అడిగాను. "ఇక్కడ ఏం నేలలుంటాయి?"

"రేగడి!" అన్నారు ఒక్క గొంతుతో.

నాకు ప్రాణం లేచివచ్చింది. నల్లరేగడి, బంగారం పండే నేల! చూపిస్తామని నన్ను లేపి తీసుకుపోయారు. ఒకాయన ఎర్రటి గులక మీద నిలబడి, "గిదంత రేగడే" అన్నాడు. మొల లోతు గుంటను చూపించి బావి అన్నాడు. ఇంకొకామె తుమ్మచెట్టు పట్టుకొని నిమ్మచెట్టని చెప్పింది. కాయలేవమ్మా అంటే, "ఇప్పుడే తెంపిన" అన్నది. ఒక ముసలాయన తన పెరటి గోడ తట్టి, "గిది గూడ రాసుకోండ్రి, గోడలకు వేరే లెక్క కడ్తరట గదా" అన్నాడు.

కడతారన్న మాట దగ్గర నా బుర్ర వెలిగింది. కింద కృష్ణ మీద పెద్ద డ్యాం కడుతున్నారు. నీళ్ళు నిలిస్తే మునిగే ఊళ్ళకు సర్కారు పరిహారం ఇస్తుంది. వీళ్ళు నన్ను దానికి లెక్క రాయవచ్చిన మనిషి అనుకున్నారు. కాదు మొర్రో, పంతుల్ని అన్నాను. అప్పటికే ఆ ముసలాయన ఇంట్లో కోడిని కోశారు.

ఆ కోడికూర సంగతి నేను దాచను. పచ్చి పులుసు, జొన్న రొట్టె, కారం దట్టంగా పట్టిన కోడికూర, పైన ఇంత నెయ్యి. తింటున్నంతసేపూ ఇది అన్యాయం, ఇది అన్యాయం అనుకుంటూనే తిన్నాను. తెల్లవారి లేచి ముసలాయన చేతులు పట్టుకొని, నేను బడి పంతుల్నే, నా దగ్గర ఏ లెక్కా లేదు, నలభై మాటల కోసం వచ్చాను అని పిల్లల మీద ఒట్టు పెట్టి చెప్పాను.

ఆయన చేతులు విడిపించుకున్నాడు. "పంతులువా? మరి నిన్న చెప్పొద్దా?"

"చెప్పిన గదా!"

"జర గట్టిగ చెప్పాలె నాయినా, కోణ్ణి కొయ్యకముందు" అన్నాడు. ఆ పూట అంబలి పోశారు. అందులో కూడా ఉల్లిగడ్డ నంజుకోవడానికి ఇచ్చారు, పంపేటప్పుడు బండి కూడా మాట్లాడి పెట్టారు. మంచివాళ్ళను మోసం చేస్తే ఇంత సిగ్గుగా ఉంటుందని తెలిసి ఆ అంబలి మింగాను.

## పాలమూరు తొవ్వ

మహబూబ్‌నగర్‌ను అక్కడివాళ్ళు ఇప్పటికీ పాలమూరే అంటారు. బండి దిగి, మరునాడు బస్సెక్కితే, దారంతా సీతాఫలాల కాలం. పిల్లలు బస్సు ఆగిన చోటల్లా గంపలు పైకెత్తి చూపిస్తారు. రెండణాలకు గంపెడు! మా దగ్గర సీతాఫలం అంటే అడవిలో కోతులతో పోటీపడి తెంపుకునేది. ఇక్కడ జనం వాటిని అన్నం మానేసి తింటున్నారు. నేనూ తిని, గింజలు ఉమ్మడానికి కిటికీ పక్క సీటు కోసం ఒక గృహస్థుతో చిన్నపాటి తగువు పెట్టుకున్నాను.

పక్కన గడ్డపారలు, తట్టలు పట్టుకున్న మొగుడూ పెళ్ళాం కూర్చున్నారు. డ్యాం కాడ మట్టిపని చేసి, పండుగ దాటాక ఇప్పుడు ఇంటికి పోతున్నారు. మీ ఊళ్ళో ఏం నేల అంటే ఆయన నవ్వాడు. "మాకు నేలెక్కడిది సారూ. మందిది తవ్వుడే మా పని." ఆమె మాత్రం, "మీదికెట్లున్నా లోపల రాయే ఉంటది సారూ, మా చేతులకు ఎరుకే" అని అరచేతులు చూపించింది. నేను నోటుబుక్కు మూశాను.

ఆ సాయంత్రం పాలమూరు సత్రంలో నోటుబుక్కు తెరిచాను. సగం దాకా చౌడు, సగం నుంచి రేగడి. దీన్ని నమ్మితే మన జిల్లాల్లో శిస్తు భయం ఉన్నచోట చౌడూ, పరిహారం ఆశ ఉన్నచోట రేగడీ ఉంటుంది. నాలుగు రోజులు గడిచిపోయాయి. నిజమని రాసుకున్న మాట ఒక్కటి లేదు. నవ్వు ఆగిపోయి, నర్సమ్మ మొహం కళ్ళముందు నిలబడ్డది. ఆ రాత్రి నాకు భయమే వేసింది.

## మల్లమ్మ మంద

ఆత్మకూరు దారిలో బస్సు చెడిపోయి, అందరం తలోదిక్కుకు నడక మొదలుపెట్టాం. మైలు నడిచానో లేదో వెనక నుంచి గొర్రెల మంద వచ్చి నన్ను కమ్మేసింది. దాని వెనక గొంగడి భుజాన వేసుకున్న ఒక నలభై ఏళ్ళ ఆమె. పేరు మల్లమ్మ. పెనిమిటి సగం మందతో ముందు పోయాడట, ఈమె సగం మందతో కృష్ణ దిక్కు పోతున్నది.

"సంకల ఏంది తమ్మీ, గంత పొడుగు?" అన్నది. నక్షా అన్నాను, విప్పి చూపించాను. బడి సంగతి, పిల్లల సంగతి, చౌడు సంగతి అంతా చెప్పాను. ఆమె నవ్విన నవ్వుకు గొర్రెలు బెదిరి చేన్లో పడ్డాయి. ఇద్దరం ఉరికి తోలుకొచ్చాం.

"నన్నడుగు, నాకు గుంటెడు భూమి లేదు. నాకేం ఫికర్, ఉన్నదున్నట్టు చెప్త" అన్నది.

ఆ ఒక్క పగలు ఆమె చెప్పినంత భూగోళం నాకు నాలుగేళ్ళలో ఎవరూ చెప్పలేదు. ఇదుగో ఇది చెల్క, వాన పడ్డ తెల్లారే నడవొచ్చు. ఇది రేగడి, తడిస్తే గొర్రె గిట్టలు పట్టుకొని విడవదు. ఇది దుబ్బ, ఇసుక కలిసింది, మధ్యాహ్నం కాళ్ళు కాలుతాయి. అది చౌడు, గొర్రెలు నాకడానికి ఉరుకుతాయి, నాకనిస్తే కడుపు చెడుతుంది. ఒక్కోదాన్నీ పిడికెడు పొట్లం కట్టుకున్నాను. వాన పడ్డప్పుడే పారేది ఒర్రె, ఒర్రెలు కలిస్తే వాగు, వాగు పోయి కలిసేది ఏరు. "అంటే వాగు ఏటికి ఉపనది!" అని నేను నడి తొవ్వలో ఎగిరాను. "నీ ఇష్టం, ఏమన్న అనుకో" అన్నది మల్లమ్మ.

పొద్దు వాలుతుండగా ఒక రైతు ఎదురొచ్చాడు. ఆ దిక్కు రైతులు పంట వేయబోయే ముందు మందను రాత్రిపూట చేన్లో పండబెట్టించుకుంటారు. గొర్రెల ఎరువుకు మించింది లేదు. దానికి కాపరికి జొన్నలు ఇస్తారు.

"మల్లమ్మా, నీ కోసమే చూస్తున్న. రెండు రాత్రులు నా చేన్ల మందను పండబెట్టు, యాసంగి జొన్న ఏస్తున్న" అన్నాడు.

నేను ఆత్రం ఆపుకోలేక, చేతిలో విప్పిన నక్షాతోనే, "ఈ చేను ఏం నేల పటేలా?" అన్నాను.

ఆయన అప్పుడే నన్ను చూశాడు. నక్షా చూశాడు. మొహం మారిపోయింది. "చౌడు సారూ. ఒట్టి చౌడు."

మల్లమ్మ ఠక్కున ఆగింది. "చౌడా? అయితే నా గొర్లను పండబెట్ట. రాత్రంత మన్ను నాకి సస్తయ్."

రైతు ఆమె వైపు వంగి, "ఏ, చౌడేంది మల్లమ్మా, నీకెరుక లేదా, మోకాలి లోతు రేగడి!" అని గొణిగాడు. మళ్ళీ నా వైపు తిరిగి, "గట్టు పొంట జరంత రేగడుంటది సారూ, నడిమిట్ల అంత చౌడే" అన్నాడు.

"అయితే గట్టు మీద పండబెడ్త" అన్నది మల్లమ్మ.

"నడిమిట్ల రేగడేనే!" అన్నాడాయన గట్టిగా. అని నాలుక కరుచుకున్నాడు. పాపం, ఇటు చూస్తే శిస్తు, అటు చూస్తే ఎరువు. చెమటలు పట్టాయి. "సారూ, మీరు జర అటు తిరుగుండ్రి, ఆమెతోని మాట్లాడాలె" అన్నాడు చివరికి. నాకు నవ్వు ఆగక గట్టు మీద కూలబడ్డాను.

పంతుల్నే అని మొత్తుకున్నాను. "పంతులువైతే పందొమ్మిదో ఎక్కం చెప్పు" అన్నాడు. చెప్పాను. తొందరలో నాకు వచ్చినట్టు చెప్పాను: ఉన్నీస్ ఏకం ఉన్నీస్, ఉన్నీస్ దూనీ అడ్‌తీస్. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "చూసినవా మల్లమ్మా, తుర్కం మాట్లాడుతున్నడు. తాసీల్ కచేరీ మనిషే!"

మల్లమ్మే నన్ను గట్టెక్కించింది. "ఓ పటేలా, పొద్దుగాల సంది ఈ తమ్మునెంట నడుస్తున్న. కృష్ణ ఇటుంటే అటని చూపెడుతున్నడు. ఆ నక్షా తలకిందులు పట్టుకున్నడు, సూడు. గీయన నీ భూమినేం కొలుస్తడు?"

నేను నక్షా వైపు చూసుకున్నాను. నిజమే. మహబూబ్‌నగర్ పైనా ఆదిలాబాద్ కిందా ఉన్నాయి.

రైతు మొదట నమ్మలేక నమ్మలేక చూసి, తర్వాత కడుపు పట్టుకొని నవ్వాడు. నవ్వాక ఆయనంత మంచివాడు లేడు. తానే గడ్డపార తెచ్చి చేన్లో గుంట తీసి చూపించాడు: పైన నల్లటి రేగడి, దాని కింద తెల్లటి సున్నపు గడ్డలు, అడుగున మొరం. ఒక్కోటీ పేరు చెప్పి, నా పొట్లాలు తానే కట్టి ఇచ్చాడు. "నా పేరు మాత్రం రాయకు సారూ" అన్నాడు. రాయలేదు, ఇప్పుడూ రాయను. ఆ సందులో మల్లమ్మ ఇంకో రెండు మానికల జొన్నలు ఎక్కువకు ఒప్పించుకున్నది.

## కృష్ణ ఒడ్డు

ముందు పోయిన పెనిమిటి రాత్రికి తిరిగొచ్చాడు. మందకు రెండో రాత్రి ఆయన కాపలా ఉంటాడని, తెల్లవారి నాకు ఏరు చూపించడానికి మల్లమ్మే వెంట వచ్చింది. దారిలో, పట్టికలో మిగిలిన ఒక్క మాట అడిగాను. "పీఠభూమి యాడున్నదో ఎరుకేనా అక్కా? మీద బల్లపరుపుగ ఉంటది, సుట్టు నేలకంటె ఎత్తుగ ఉంటది. ఆరొద్దుల సంది ఎతుకుతున్న."

ఆమె ఆలోచించింది. "కృష్ణలకు పోవాలంటె గీడికెళ్ళి దిగుడే గదా. గట్లనే పారుకుంట పారుకుంట, తూర్పున సముద్రం దాంక దిగుడే అంటరు. నువ్వొచ్చిన తొవ్వల యాడన్న ఎక్కినవా?"

"లేదు."

"మరి పుట్టుడే మీద పుట్టినవ్" అన్నది.

అక్కడే నిలబడిపోయాను. నేను పుట్టిన ఊరు, మా బడి, తిరుమలగిరి అంగడి, కోడికూర తిన్న ఇల్లు, అన్నీ దాని మీదే! వెతికిందేమో కాళ్ళ కింద ఉంది. మలుపు తిరిగితే కృష్ణ కనిపించింది, బండల మధ్య నుంచి ఎర్రటి నీళ్ళు, ఒకటే చప్పుడు. నాలుగేళ్ళు బోర్డు మీద నీలం గీతగా గీసిన నదికి చప్పుడుంటుందని నాకు తట్టనే లేదు. నేను ఏడ్చాను. మల్లమ్మ చూడనట్టు గొంగడి దులుపుకున్నది.

## మళ్ళీ బడి

ఇంటికి రాగానే పిల్లలను కూర్చోబెట్టి పొట్లాలన్నీ విప్పాను. పన్నెండు రోజులు వాళ్ళకు అదే ఆట. పదమూడో రోజు ఇన్‌స్పెక్టర్ సారు గూడు కట్టిన కచ్చడం బండిలో దిగాడు. షేర్వాణీ, తల మీద నల్ల టోపీ, ముఖంలో నవ్వు ఆనవాలు లేదు. కుర్చీ వేయించుకొని పుస్తకం చేతిలో పట్టుకున్నాడు.

"చౌడంటే ఏంది?" అన్నాడు. ఒక పిల్ల పొట్లం తెచ్చి, "నాలుక మీద ఏసుకుంటె తెలుస్తది సార్" అని చేతిలో పెట్టింది. ఆయన చిటికెడు నోట్లో వేసుకున్నాడు, ముఖం ముడుచుకున్నాడు, తలూపాడు. ఉపనది అడిగాడు. ఒర్రె, వాగు, ఏరు, కృష్ణ అని ఏడుగురు ఆడపిల్లలూ గుక్క తిప్పుకోకుండా చెప్పారు. అప్పుడు నర్సమ్మను లేపాడు.

"పీఠభూమి ఎక్కడున్నది?"

"మీరు దాని మీదనే కుర్చేసుకొని కూసున్నరు సార్."

ఆయన కుర్చీ కిందికి చూశాడు. నర్సమ్మను చూశాడు. నన్ను చూశాడు. పుస్తకం మూసి, "మాస్టర్, జర బైటికి రా" అన్నాడు. తరగతి పోయిందనుకున్నాను. దాని నోరు తెలిసీ ఎందుకు నేర్పానని నన్ను నేను తిట్టుకున్నాను.

బండి చాటుకు పోయాక ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "పీఠభూమి అంటే మన ఉర్దూల సతహె ముర్తఫానేనా?"

తలూపాను.

"అనుకుంటనే ఉన్న" అన్నాడు, రుమాలుతో మెడ తుడుచుకుంటూ. "నేను గూడ నీ లెక్కనే చదివిన భాయ్. ఆరు నెలల సంది బడి బడికి తిరిగి ఈ మాటలు అడుగుతున్న. జవాబు సరైందో కాదో ఒక్కటీ తెల్వదు. రాత్రి నిద్ర పట్టదు. నీ దగ్గర ఈ మాటలు రాసుకున్న కాపీ ఏదో ఉన్నదంట గదా?"

నోటుబుక్కు తెచ్చి ఇచ్చాను. బండి పక్కన నిలబడే నాలుగు పేజీలు చదివాడు. చదువుతూ చదువుతూ ఒకచోట పెద్దగా నవ్వాడు, తిరుమలగిరి పేజీ అయి ఉంటుంది. తర్వాత బడి తనిఖీ పుస్తకం తెప్పించి, కలం తీసి, ఐదో తరగతి తెలుగులో చాలా బాగా నడుస్తున్నదనీ, ఇక్కడే ఉండాలనీ రాసి సంతకం పెట్టాడు. ఆ మాటలన్నీ ఉర్దూలోనే రాశాడు.

నోటుబుక్కు మాత్రం తిరిగి ఇవ్వలేదు. మర్నాడు ఇంకో బడి తనిఖీ ఉందట. బండెక్కి, దాన్ని షేర్వాణీ లోపల పెట్టుకొని, పిల్లలకు చెయ్యి ఊపుతూ పోయాడు.

మరునాడు నేను కొత్త నోటుబుక్కు తీసుకొని తరగతిలోకి పోయాను. నర్సమ్మ, ఆ ఆరుగురు పిల్లలు ముందు వరుసలో కూర్చుని ఒక్కో మాటా చెబుతుంటే, నేను కింద చాప మీద కూర్చుని రాసుకున్నాను.